ప్రయాణ కారణం: సుమ్మా

రెండేళ్ళ కిందట, ఫిబ్రవరి నెలాఖరులో, వేలూరులోని మా ట్రావెల్స్ ఆఫీసులో నన్ను ‘సీనియర్ ఎగ్జిక్యూటివ్, అవుట్‌బౌండ్’గా వేశారు. అవుట్‌బౌండ్ అంటే మనుషుల్ని దేశం దాటించే విభాగం. ఆ విభాగానికి అధిపతిని నేనే. నా కింద పనిచేసేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి అధిపతి అనే మాటను కాస్త తగ్గించి చదువుకోవచ్చు. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ మీద ఒక ప్రపంచ పటం. ఏసీ పైపు పోవడానికి అడ్డమొచ్చిందని ఆ పటంలో న్యూజిలాండ్ ఉన్న మూలను కత్తిరించేశారు. మా అదృష్టం కొద్దీ న్యూజిలాండ్ పోతామని ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎవరూ రాలేదు.

నా చేతి మీదుగా యూరప్ చూసొచ్చినవాళ్ళు వేలమంది ఉంటారని నా పదవీ విరమణ సభలో చెప్పాను. చప్పట్లు కొట్టారు. వేలమంది కాదు, ఇరవై ముగ్గురు. అందులో ఒకాయన చెన్నై విమానాశ్రయం దాకా పోయి, మనసు మారి, కాట్పాడి రైలెక్కి వచ్చేశాడు. నేను స్వయంగా దేశం దాటింది లేదు. ముప్పై ఏళ్ళు నేను చేసిన అసలు పని, పెద్దాసుపత్రికి వైద్యానికొచ్చిన బెంగాలీలకు హౌరా టికెట్లు తీయడం, పెరుమాళ్ళ నెల అయిన పురట్టాసిలో తిరుపతికి బస్సులు వేయడం. అయినా మధ్యధరా సముద్రం గురించి నన్ను ఎవరడిగినా, నిన్ననే అందులో స్నానం చేసి తల తుడుచుకుంటున్నవాడిలా జవాబు చెప్పేవాణ్ణి. మా వృత్తిలో దాన్ని ‘ప్రొడక్ట్ నాలెడ్జ్’ అంటారు.

మార్చి మొదటి వారంలో గుడియాత్తం నుంచి మునిరత్నం, ఆయన భార్య ఆండాళమ్మ వచ్చారు. మునిరత్నానికి అరవై దాటాయి. ఎనిమిది మగ్గాల మీద లుంగీలు నేయిస్తాడు. నేయించేవాడు నేయనక్కర్లేదు, కానీ ఎనిమిదో మగ్గం మీద రోజూ తానే కూర్చుంటాడు. మాది విరించిపురం, వాళ్ళలాగే మా ఇంట్లోనూ తెలుగే. అందువల్ల మా ఆఫీసులో ఎంతమంది ఉన్నా వాళ్ళు నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చారు. ఆయన కూర్చుని గోడ మీది పటం చూస్తున్నాడు. మాట్లాడింది ఆమె.

“వరదన్నా, ఈయప్పకు రెస్టు కావాల,” అంది, కొట్లో సరుకు అడిగినట్టు. “పది దినాలు. ఉండాదా మీ కాడ?”

సంగతి ఏమిటంటే, ఒక పొద్దున మగ్గం మీద ఉండగా మునిరత్నం కుడిచేయి నాడెను ఆడించే తాడు లాగలేకపోయింది. చెయ్యి ఉంది, పట్టు లేదు. పావుగంటకు పట్టు మళ్ళీ వచ్చింది కానీ, అంతలో ఆండాళమ్మ ఆయన్ని ఆటోలో ఎక్కించేసింది. డాక్టరు పరీక్షలు చేయించి, రక్తపోటుకు మాత్రలు రాసి, ఒకే మాట చెప్పాడట: ఈసారి వచ్చింది, ఇంకోసారి పోతే రాకపోవచ్చు. పది రోజులు మగ్గం చప్పుడు కూడా వినపడని చోట ఉండి రావాలి. ఆ తరవాత పరీక్ష చేసి, చెయ్యి నిలబడితే పూటకు రెండు గంటలు నేయవచ్చో లేదో చెబుతానన్నాడు. వేసవి దాటకుండా పోయి రమ్మన్నాడు.

“ఇంట్లోనే ఉండొచ్చు కదమ్మా?” అన్నాను, వ్యాపారానికి విరుద్ధంగా.

“మగ్గాలింటికి బీగం వేస్తి. పక్కింటోళ్ళ మగ్గమెక్కి కూర్చున్నాడు. ఏలగిరి కొండకు పిల్చుకోని పోతే రెండో దినమే మా చిన్నాయన కొడుకు లుంగీ శాంపిళ్ళు ఎత్తుకుని కొండెక్కినాడు. తిరుమలకు పోతిమి. క్యూలో పద్నాలుగు గంటలు. దేవుడు కనపడింది ఒక నిమిషం, మా లుంగీలు కొనే తిరుపత్తూరు సేటు కనపడింది పద్నాలుగు గంటలూ. గుడి లోపలికి పోయే లోపల రాబోయే దీపావళికి అంచులన్నీ మాట్లాడేసినారు ఇద్దురూ.”

“రంగు ఒకటి మిగిలిపాయ,” అన్నాడు మునిరత్నం. అదే ఆయన మొదటి మాట.

“వింటివా? మనోళ్ళు ఒక్కరు గూడా రాని చోటు యాడుండాదో చెప్పన్నా.”

ముప్పై ఏళ్ళలో నన్ను అలా ఎవరూ అడగలేదు. మా దగ్గరికి వచ్చేవాళ్ళు ‘అక్కడ మనోళ్ళు ఉంటారా, మన సాంబారు దొరుకుతుందా’ అని అడుగుతారు. ఈమెకు మనోళ్ళు లేని భూమి కావాలి. నేను పటం దగ్గరికి వెళ్ళి, కర్రతో చూపించడం మొదలుపెట్టాను. సింగపూర్ అన్నాను. మా లుంగీలు అక్కడికి పోతాయి అన్నాడు మునిరత్నం. కొలంబో. పోతాయి. దుబాయి. పోతాయి. మాల్దీవులు. అక్కడికి గళ్ళు పెద్దవి కావాలి, చిన్న గళ్ళు కట్టరు అని వివరం కూడా చెప్పాడు. అప్పటికి నాకు అర్థమైంది, మేము వెతుకుతున్నది లుంగీ కట్టని దేశం. కర్ర అలా పడమరకు పోతూ పోతూ మధ్యధరా సముద్రంలో పడింది. ఇటలీ బూటు కింద ఆవగింజంత చుక్క.

“మాల్టా,” అన్నాను.

“రాగి మాల్టు మాదిరా?” అంది ఆండాళమ్మ.

“దీవి అమ్మా. నీలం నీళ్ళు. బంగారు ఇసుక. నేను ఎంతమందిని పంపినానో లెక్కలేదు.” లెక్క ఉంది. ఒక్కరు కూడా లేరు. ఇసుక మాట కూడా తొందరపాటే. ఆ దీవిలో ఎక్కువ భాగం రాతి ఒడ్డు అనీ, ఇసుక ఉన్న తీరాలు కొన్నే అనీ ఆ సాయంత్రం కంప్యూటరులో చదివి తెలుసుకున్నాను.

“సముద్రం కాడ ఆడోళ్ళు ఏం కడతారు?” అని అడిగాడు మునిరత్నం, వృత్తిపరమైన ఆసక్తితో.

బ్రోషరు చూపించాను. ఆండాళమ్మ ఒక పేజీ చూసి, దాన్ని బల్ల మీద బోర్లించింది. “ఏమీ కట్టడం లేదే. మంచిదే పో. అమ్మేదానికి ఈయప్పకు ఆశ పుట్టదు.”

అలా చోటు ఖాయమైంది.

ఇక్కడ మా పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. విశ్రాంతి యాత్ర ఏర్పాటు చేయడం తీర్థయాత్ర కంటే కష్టం. తీర్థయాత్రలో బస్సు ఆలస్యమైతే భక్తులు గోవిందా అంటారు. విశ్రాంతికి పోయేవాడు ఒక్క చిన్న అసౌకర్యాన్ని కూడా క్షమించడు. హోటలు వాళ్ళు ‘సీ వ్యూ’ అంటే గది కిటికీలో సముద్రం కనిపిస్తుంది. ‘పార్షియల్ సీ వ్యూ’ అంటే బాల్కనీలో నిలబడి మెడ బయటికి పెడితే కనిపిస్తుంది. ‘హాఫ్ బోర్డ్’ అంటే పొద్దున టిఫినూ రాత్రి భోజనమూ గది అద్దెలోనే కలిసి ఉంటాయి, మధ్యాహ్నం ఎవరి పాట్లు వాళ్ళవి. వీటిని నేను గుడియాత్తం భాషలో విడమరిచి చెప్పాను. మెడ బయటికి పెట్టే గది వద్దు అంది ఆమె, ఈయన మెడ పెట్టాడంటే పక్క గదివాళ్ళతో మాట కలుపుతాడని. ఉత్తరం వైపు ఇసుక తీరం మీద, పూర్తి సముద్రం కనిపించే గది దొరికింది. చెన్నై నుంచి గల్ఫ్‌లో ఒక చోట విమానం మారి వెళ్ళాలి. టికెట్టు కొనకుండా సీటును పట్టి ఉంచడాన్ని ‘హోల్డ్’ అంటాము. అలా పట్టి ఉంచాను.

‘సన్ బెడ్’ దగ్గర ఒక చిక్కు వచ్చింది. సన్ బెడ్ అంటే ఒడ్డున వేసి ఉంచే వాలు మంచం. ఎండలో పడుకోవడానికి అన్నాను.

మునిరత్నం గోడ మీది పటం వదిలి నా వైపు తిరిగాడు. “ఏమప్పా, చిత్తిరై నెలలో వేలూరోళ్ళు ఎండలో పండుకునేకి యిమానమెక్కి పోవాల్నా?”

గొడుగు ఉంటుంది, చల్లగాలి ఉంటుంది అని ఒప్పించాను.

అంతవరకు అన్నీ సక్రమంగా జరిగాయి. ఇక వీసా. వీసా ఫైలులో దరఖాస్తు, ఫొటోలు, హోటలు కాగితం, టికెట్టు హోల్డు, ఇన్సూరెన్సు, బ్యాంకు కాగితాలు ఉంటాయి. దరఖాస్తులో ‘ప్రయాణ కారణం’ అని ఒక గడి ఉంటుంది. అందులో ‘పర్యాటకం’ అనే మాట పక్కన టిక్కు పెడితే సరిపోతుంది. నేను టిక్కు పెట్టి ఊరుకుని ఉంటే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. కానీ ఫైలు పైన ‘కవరింగ్ లెటర్’ అని ఒకటి పెడతాము. దరఖాస్తుదారుడు ఎవరు, ఎందుకు పోతున్నాడు, ఎందుకు తిరిగి వస్తాడు అని విన్నవించే ఉత్తరం. ఉత్తరం ఆయనదే, సంతకం ఆయనదే, రాసేది మాత్రం మేము. అలాంటి ఉత్తరం రాయడంలో దక్షిణాదిలోనే నన్ను మించినవాడు లేడు. మా ఆఫీసులో లేడు. మా ఆఫీసులో ఇంకెవరూ రాసేవారు కారు.

నా భయం ఒకటుంది. మా వైపు తెలుగులో ‘రిలాక్స్’ అనేదానికి గౌరవమైన మాట లేదు. ఉన్నది ‘సుమ్మా’. తమిళం నుంచి వచ్చి మా ఇళ్ళలో స్థిరపడింది. సుమ్మా అంటే ఊరికే. సుమ్మా కూర్చున్నాడు అంటే మా వాళ్ళలో అది సమాచారం కాదు, ఫిర్యాదు. పెళ్ళిచూపుల్లో పిల్లవాడు సుమ్మా ఉన్నాడని తెలిస్తే ఆ సంబంధం అక్కడితో సరి. పదకొండో ఏట మగ్గమెక్కిన మనిషి, సముద్రాలు దాటి, సుమ్మా కూర్చుని వస్తానంటే ఏ వీసా అధికారి నమ్ముతాడు? పనికోసం పోయి అక్కడే ఆగిపోతాడని అనుమానిస్తాడు. కాబట్టి ఈ ప్రయాణానికి ఒక పెద్దమనిషి కారణం కావాలి అనుకున్నాను.

బ్రోషరులో ఒక ముసలామె గుమ్మం ముందు కూర్చుని లేసు అల్లుతున్న ఫొటో ఉంది. ఆ ఒక్క ఫొటోలోంచి ఆరు రోజుల కార్యక్రమం తీశాను. ‘దక్షిణ భారత చేనేత సంప్రదాయానికి ప్రతినిధి అయిన శ్రీ మునిరత్నంగారు ఆ దీవి ప్రాచీన నేతకళను పరిశీలించి, తులనాత్మక అవగాహన పొందగోరి’ అని ఇంగ్లీషులో ఎత్తుకున్నాను. మొదటి రోజు నేతగాళ్ళ పల్లె, రెండో రోజు లేసు, మూడో రోజు మ్యూజియం, నాలుగో రోజు అద్దకం, ఇలా ఆరో రోజు దాకా. ఆ దీవిలో అద్దకం ఉందో లేదో నాకు తెలియదు. వాక్యం బాగా వచ్చింది, ఉంచేశాను. ఇంటూ గుర్తు పెట్టిన చోట మునిరత్నం సంతకం చేశాడు. ఏమి రాశానని అడగలేదు. నేను చెప్పలేదు.

కానీ అధికారులు ఒక్కోసారి ఫోను చేసి దరఖాస్తుదారుణ్ణి నేరుగా ప్రశ్నలు అడుగుతారు. అందుకని ఏమడిగితే ఏం చెప్పాలో నాలుగు కాగితాల నిండా రాసి ఇచ్చాను, తెలుగులో. మా అమ్మ నాకు తెలుగు అక్షరాలు నేర్పింది. మా వైపు అది అరుదు. తెలుగు మాట్లాడేవాళ్ళు వీధికి పదిమంది ఉంటే చదివేవాళ్ళు ఊరికి పదిమంది ఉండరు, అందరం తమిళ బడిలో చదువుకున్నవాళ్ళమే. ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు లేడు. అయినా నా దస్తూరి మీద నాకున్న మోజు కొద్దీ, ఆ నాలుగు కాగితాలూ పండగ ముగ్గులా గుండ్రంగా రాసి ఆండాళమ్మ చేతికిచ్చాను.

ఆమె కాగితాన్ని దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసింది. “ముత్యాల మాదిరి ఉండాదన్నా,” అంది.

వారం తరవాత ఫోనులో అడిగాను, చదివారా అని. “చదివితిమి, చదివితిమి. యాడా ఒక్క తప్పు లేదన్నా,” అంది. నేను ఉబ్బిపోయాను.

చెన్నైలో వేలిముద్రలు ఇచ్చి వచ్చారు. ఏళ్ళ తరబడి గంజి నూలు పట్టి పట్టి మునిరత్నం వేలికొనలు నున్నగా అరిగిపోయాయి. యంత్రం రెండుసార్లు ఆయన్ని గుర్తించనంది. మూడోసారి ఒప్పుకుంది.

ఏప్రిల్ రెండో వారంలో ఇన్సూరెన్సు కాగితం నకలు ఇవ్వడానికి నేను గుడియాత్తం వెళ్ళాను. మగ్గాలింట్లో ఏడు మగ్గాలు ఆడుతున్నాయి. ఎనిమిదో దాని ముందు, మగ్గం మీద కాకుండా కుర్చీలో, మునిరత్నం కూర్చుని ఉన్నాడు. ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని, ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్నట్టు. ఆండాళమ్మ ఓ పక్క రాట్నం దగ్గర నూలు కండెలు చుడుతోంది. నాకు మజ్జిగ ఇచ్చారు. గ్లాసు నోటి దగ్గర ఉండగా ఫోను మోగింది.

నేతగాడికి రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి ఆ ఇంట్లో ఫోను ఎప్పుడూ స్పీకరులోనే ఉంటుంది. గూట్లో పెట్టి మీట నొక్కేస్తారు. అలాగే నొక్కాడు. వీసా విభాగం నుంచి ఒకావిడ. అచ్చమైన తమిళంలో మాట్లాడింది, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మగ్గాలు ఒక్కటొక్కటే ఆగిపోయాయి.

“మీరు మాల్టాకు ఎందుకు వెళ్తున్నారు?”

“సుమ్మా అమ్మా,” అన్నాడు మునిరత్నం.

“సుమ్మానా?”

“ఔనమ్మా. సుమ్మా.”

కాగితాలు తిప్పిన చప్పుడైంది. “నేతకళ పరిశీలనకు అని మీ ఉత్తరంలో ఉందే? ఆరు రోజుల కార్యక్రమం కూడా ఉంది.”

“నేతనా! నేత కంటికి కనపడకూడదని డాక్టరు చెప్పినందుకే కదమ్మా నేను అంత దూరం పోయేది!”

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టి లేచాను. రెండు చేతులతో మగ్గం నేసినట్టు అభినయించాను. కళ్ళకు అరచెయ్యి అడ్డం పెట్టి పరిశీలించినట్టు అభినయించాను. లేసు ఎలా అభినయించాలో తెలియక వేళ్ళు ఆడించాను. మునిరత్నం నన్ను ఆందోళనగా చూశాడు. ఎవరికైనా చెయ్యి పట్టు తప్పితే ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు కదా.

ఆండాళమ్మ రాట్నం ఆపింది. “అమ్మా, ఒక్క నిమిషం,” అని ఫోనుకు చెప్పింది. “ఈడ మా ట్రావెల్సు అన్న చేతులు ఊపతా ఉండాడు. ఏమో చెప్పాలని ఉండాది ఆయనకు. ఏందన్నా? గట్టిగా చెప్పు, స్పీకర్లోనే ఉండాది.”

నేను గొంతు తగ్గించి, తెలుగులో, “నాలుగు కాగితాలు రాసిచ్చినాను కదమ్మా, చదివినామన్నారే,” అన్నాను.

ఆమె కూడా గొంతు తగ్గించింది. “మాకు తెలుగు చదివేదానికి యాడొస్తుందన్నా? అంత ముద్దుగా రాసిస్తివి, రాదని చెప్పేకి సిగ్గయ్యింది. తెలుగు కదా, దేవుని సంగతి ఏమో అనుకుని పూజ గూట్లో పెట్టి పసుపు పెడితిని.”

“ఆ పక్కనున్న ఆయనకు ఇవ్వండి,” అంది ఫోనులో ఆవిడ.

ఫోను గూట్లోనే ఉంది, నేనే గూటి ముందుకు వెళ్ళాను. ముందు నా హోదా చెప్పాను. సీనియర్ ఎగ్జిక్యూటివ్ అన్నాను, విభాగాధిపతి అన్నాను, ముప్పై ఏళ్ళ అనుభవం అన్నాను. ఆమె పూర్తిగా విని, “ఒకే ప్రశ్న. ఈ ఉత్తరం ఎవరు రాశారు?” అంది.

మాకు ఒక నియమం తెలుసు. ఫైలులో తప్పు వివరం ఉందని తేలితే వీసా తిరస్కరిస్తారు. ఆ మచ్చ దరఖాస్తుదారుడికి పడుతుంది, రాసినవాడికి కాదు. మళ్ళీ దరఖాస్తు పెట్టి, అది తేలేసరికి వేసవి దాటిపోతుంది. ఈ మనిషి ఈ కుర్చీలోనే ఇంకో వారం కూర్చుంటాడు, ఎనిమిదో రోజు మగ్గమెక్కుతాడు. మణికట్టు పట్టుకున్న ఆ ఎడమచెయ్యి నాకు కనిపిస్తూనే ఉంది.

“నేనే రాసినానమ్మా. అందులో ఒక్క ముక్క కూడా వాళ్ళకు తెలియదు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించింది కూడా నేనే. తప్పు నాది,” అన్నాను.

దీన్ని ధైర్యం అని చదివేవాళ్ళు అనుకుంటే నాకు అభ్యంతరం లేదు. కానీ ఏడు మగ్గాలవాళ్ళు కాళ్ళు ఆపుకుని వింటున్నారు. ఇంకో అబద్ధం ఆడటానికి ఆ గదిలో చోటు లేదు.

ఆమె డాక్టరు సంగతి ఏమిటని అడిగింది. ఆండాళమ్మ చెప్పింది, ఏలగిరి, తిరుపత్తూరు సేటుతో సహా. సేటు దగ్గర ఆవిడ నవ్వినట్టే వినిపించింది కానీ నేను ప్రమాణం చేసి చెప్పలేను. చివరికి ఇలా అంది: రేపు సాయంత్రం లోపల డాక్టరు సర్టిఫికెట్టు, ఇంకో ఉత్తరం పంపించాలి. ఉత్తరం ఆయన సొంత మాటల్లో ఉండాలి. తమిళంలో రాసి, కింద ఇంగ్లీషు అనువాదం పెట్టవచ్చు. వీసా వస్తుందని తాను మాట ఇవ్వడం లేదు. “మీరు మాత్రం ఒక్క మాట కూడా చేర్చకూడదు.” ఆ ‘మీరు’ నేను.

ఆ మధ్యాహ్నమే కూర్చున్నాము. ముప్పై ఏళ్ళలో అంత కష్టమైన డ్రాఫ్టు నేను రాయలేదు. ఆయన చెబుతున్నాడు, నా చెయ్యి దానంతటది అలంకారాలు వెతుక్కుంటోంది. ‘సుప్రసిద్ధ’ అనే అర్థమొచ్చే తమిళ మాటలో రెండక్షరాలు పడగానే ఆండాళమ్మ కాగితం మీద వేలు పెట్టింది. తమిళం ఆమెకు బాగా చదవడం వచ్చు. “ఆయప్ప చెప్పిందే రాయన్నా. పువ్వులు పెట్టొద్దు.”

పువ్వులు లేకుండా తమిళంలో వచ్చిన ఉత్తరం, తెలుగులో చెబితే ఇది: ‘నేను పదకొండో ఏట మగ్గమెక్కినాను. ఇప్పుడు నా కుడిచేయి ఒకసారి నిలిచిపోయింది. డాక్టరు పది దినాలు రెస్టు అన్నాడు. ఈడ ఉంటే నేను గమ్మున ఉండను, అది నా గుణం. ఆ దీవిలో నాకు తెలిసినోళ్ళు లేరు. సముద్రం కాడ సుమ్మా కూర్చుంటాను. వేరే ఏమీ చూడను. మగ్గం మీద ఇరవై లుంగీల పడుగు ఉండాది. ఆరు నేసినాను. మిగిలింది ఇంకొకరి చేత నేయించను. అందుకని తిరిగి వస్తాను.’

ఎందుకు తిరిగి వస్తాడు అనే ప్రశ్నకు మా వాళ్ళు ఇంటి పత్రాలు పెడతారు, పొలం పత్రాలు పెడతారు. సగం నేసిన పడుగును ఆధారంగా చూపించిన ఫైలు నేను అంతకుముందు చూడలేదు. నాకు తోచనే లేదు. మునిరత్నానికి మాత్రం అది చాలా మామూలు సంగతి. నేత మధ్యలో వదిలేసి ఎవడైనా దేశం వదిలి పోతాడా అన్నట్టు చూశాడు.

ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు సుమ్మా దగ్గర ఆగాను. ‘విశ్రాంతి, మానసిక ఉల్లాసం నిమిత్తం’ అని వచ్చే ఇంగ్లీషు మాటలు నా చేతి వేళ్ళ చివరికి వచ్చేశాయి.

“దాన్ని ఏమని రాస్తివి?” అంది ఆండాళమ్మ.

“సింప్లీ,” అన్నాను.

“అది సరి,” అంది.

పది రోజులకు పాస్‌పోర్టులు వచ్చాయి. రెండింటిలోనూ వీసా ఉంది. మా మేనేజరు ఇళంగోవన్ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ఈ ఫైలు నువ్వు నడిపించిన తీరు మిగతావాళ్ళకు పాఠం అన్నాడు. నేను వినయంగా తల వంచుకున్నాను. అసలు జరిగింది ఇప్పుడు ఇక్కడే చెబుతున్నాను.

మేలో, మా ఊళ్ళలో కత్తిరి ఎండలు కాస్తుండగా, వాళ్ళు వెళ్ళి, పదకొండో రోజు తిరిగివచ్చారు. తరవాతి సోమవారం ఆఫీసుకు వచ్చారు. సముద్రం ఎలా ఉందని అడిగాను, అది నేనే తయారుచేసి పంపినట్టు.

మొదటి మూడు రోజులూ మునిరత్నం ఊరుకోలేదట. గొడుగు గుడ్డ పట్టి చూసి, ఇది మిల్లు సరుకు, రంగు కారుతుంది అని గొడుగులు వేసేవాడికి చెప్పబోయాడు. వాడికి ఈయన భాష రాదు, ఈయనకు వాడి భాష రాదు. భోజనాల దగ్గరా అంతే. మాట కలపడానికి ఒక్క మనిషి దొరకలేదు. నాలుగో రోజు నుంచి, ఇక చేసేదేమీ లేక, నిద్రపోయాడు.

“ఆయప్ప కథ వదులన్నా,” అంది ఆండాళమ్మ. “నేను ఆ వాలు మంచం మింద పండుకుంటి చూడు, లెయ్యనే లేదు. పొద్దున టిఫిను తిని పండుకుంటే సాయంత్రమే. కండె లేదు, రాట్నం లేదు, అమ్మా అని పిలిచేవోళ్ళు లేరు. చీర కట్టుకుని, మొగం మీద కొంగు కప్పుకుని పండుకోనుంటే, హోటలోళ్ళు రెండు తూర్లు వచ్చి చూసిపోయినారు. మూడో తూరి డాక్టర్ని పిల్చకొచ్చినారు.”

“డాక్టరేమన్నాడు?”

“నాడి పట్టి చూసినాడు. ఈయప్పతో ఏమో చెప్పినాడు. అర్థం కాలేదు. నేను ఇంగ్లీషులో చెప్తి కదా, సింప్లీ అని. నవ్వేసి పోయినాడు.”

ఆ వారమే ఇక్కడి డాక్టరు మునిరత్నాన్ని పరీక్షించాడు. రక్తపోటు దిగింది. పట్టు నిలిచింది. పూటకు రెండు గంటల చొప్పున నేయవచ్చన్నాడు. పద్నాలుగు లుంగీలు మిగిలిన ఆ పడుగు పూర్తి కావడానికి ఆగస్టు దాకా పట్టింది. కండెలు చుట్టడానికి మాత్రం వాళ్ళు వేరే మనిషిని పెట్టుకోవలసి వచ్చింది. మధ్యాహ్నాలు ఆండాళమ్మ రాట్నం దగ్గరికి రావడం మానేసింది. ఎందుకమ్మా అని అడిగితే ఏం చెబుతుందో నేను రాయనక్కర్లేదు.

ఆ డిసెంబరులో నేను రిటైరయ్యాను. ఆ ఫైలు నాకు నేర్పింది ఇది: కవరింగ్ లెటర్ దరఖాస్తుదారుడిది, మనది కాదు. ప్రయాణ కారణానికి ఒక చిన్న గడి మాత్రమే ఎందుకు ఇచ్చారంటే, నిజమైన కారణానికి అంతకంటే ఎక్కువ చోటు అక్కర్లేదు. మిగిలిన ఏడు నెలల్లో నా బల్ల మీదికి ఇంకో ఐదు ఫైళ్ళు వచ్చాయి. ఐదింటిలోనూ వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాశాను, ఒక్క మాట చేర్చలేదు. మూడింటికి వీసా వచ్చింది. రెండు తిరస్కరించారు. అందులో ఒకాయన ప్రయాణ కారణం అడిగితే ‘యాడైనా పని దొరికితే ఉండిపోదామని’ అన్నాడు. అదే రాసి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను.